గోవిందప్ప ఓర్వలేని హనుమంతుడు

మా గోవిందప్ప బీడీ తాగడు, పేకాడడు. ఉన్నదల్లా ఒకటే జబ్బు, ఒకరికి ఉన్నది చూసి ఓర్వలేడు. మంచి చూసి కుళ్లుకోవడం అందరూ చేసేదే. ఈయన చెడును కూడా వదిలేవాడు కాదు. మా మేనేజరు ఈశ్వరప్పగారికి కడుపు ఆపరేషను అయితే చూడ్డానికి ఆసుపత్రికి వచ్చి, మంచం పక్కన నిలబడి నిట్టూర్చాడు.

"ఏం వైభోగం సార్. పండుకున్న చోటికే బ్రెడ్డు, పాలు. మాకు జలుబు గూడ సరిగ్గా రాదు."

అనంతపురంలో మా ఇన్సూరెన్సు ఆఫీసులో ఆయన క్లెయిముల గుమాస్తా, పక్క కుర్చీ నాది. ఇలాంటి మనిషిని తెచ్చి క్లెయిముల దగ్గర కూర్చోబెట్టిన మహానుభావుడెవరో నాకు తెలియదు. మిల్లు కాలిపోయినవాడు ఏడ్చుకుంటూ వస్తే, "కాలితే అట్ల కాలల్లప్పా, ఊరంతా వచ్చి చూసినారంట గదా" అనేవాడు. ఎప్పుడైనా ఒక మబ్బు కనబడితే, "మా మిద్దె మీదుగానే పోయి కదిరిలో కురుస్తాది, చూడు దాని బుద్ధి" అనేవాడు. లేపాక్షిలో అంత పెద్ద రాతి బసవన్నను చూసి కూడా ఓర్వలేకపోయాడు.

"ఒక్క పొద్దన్నా దుక్కి దున్నిన ఎద్దు కాదు. దండాలు చూడు సాబ్."

నా పండగనూ వదల్లేదు.

"రంజానంటే మీదే సాబ్. చంద్రుడే వచ్చి చెప్పిపోతాడు. మా ఉగాదికి ఎవరొస్తారు?"

ఎనభైల మొదట్లో ఒక కరువేడు. వానలు పడకపోతే తోలుబొమ్మలాట ఆడించడం మా వైపు ఆచారం. ఆటంటే ధర్మవరం దగ్గరి పుల్లన్నదే. ఆయన తాత జింకతోలుతో చేసిన హనుమంతుడు మనిషంత ఎత్తు. వెనక దీపం పెట్టి తెరకు ఆనించి నిలబెడితే ఎర్రగా వెలిగిపోయేవాడు. ఆ బొమ్మను బెంగళూరులో ఎగ్జిబిషనుకు తీసుకుపోయినవాళ్లు పుల్లన్న పేరనే ఇన్సూరెన్సు చేయించారు. అక్కడే ఎవడో ఎత్తుకుపోయాడు. హనుమంతుడు లేని ఆట మాకెందుకని ఊళ్లవాళ్లు పుల్లన్నను పిలవడం మానేశారు. ఆయన క్లెయిముకు మా ఆఫీసుకు వచ్చాడు.

గోవిందప్ప రెచ్చిపోయాడు.

"హనుమంతుడు గదా, ఎగిరిపోయినాడేమో. ఎత్తెంత? చెవులెట్లుండాయి?"

"కుడి చెవి మేక కొరికిందన్నా. మా అవ్వ నల్లదారంతో అతుకేసింది."

"నాకు తెలుసులే. నా పెండ్లిలో గూడ నవ్వని మా నాయన ఆ కోతిని చూసి నవ్వేటోడు."

చిన్ననాటి కక్ష అది. కాగితాలు పక్కన పడేశాడు. మేనేజరు పాస్ చేద్దామంటే ఒక కొర్రీ, పుల్లన్న వచ్చి నిలబడితే ఇంకో కొర్రీ. నాకు ఒళ్లు మండింది.

"నీ కుళ్లు పాడుగాను. కరువులో ఆయప్ప ఏం తింటాండాడో అడిగినావా?"

"క్లెయిము ఇస్తే నవ్వుకుంటా పోతాడు సాబ్. నేను చూడలేను."

ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్తే ఆయన భార్య హనుమంతమ్మ నా దగ్గర మొర పెట్టుకుంది.

"చూడన్నా, నిన్న నిండుగా ఉన్న రాగుల సంచి ఈ పొద్దు సగముండాది."

"ఎలకలు," అన్నాడు గోవిందప్ప. "వాటి బతుకే బతుకప్పా. పండించేది లేదు, విసిరేది లేదు."

ఆ ఏడు జబ్బు మరీ ముదిరింది. ఆదివారమొస్తే చాలు, ఎవరింట గృహప్రవేశమైనా పిలవకుండానే పోయేవాడు. తోడుకు నన్ను లాక్కుపోయేవాడు. గుండుసూది కూడా వదలకుండా ఇల్లంతా చూసి, కడుపు మంటతో బయటికొచ్చేవాడు. అలాగే హిందూపురంలో ఒక వేరుసెనగ షావుకారు కొత్త ఇంటికి పోయాము. ఫ్రిజ్జును చూసి నిట్టూర్చాడు, సోఫాను తడిమి నిట్టూర్చాడు. గోడ మీద అద్దం కట్టిన పటం దగ్గర ఆగిపోయాడు.

పటంలో నల్లగా, దిగులుగా ఒక తోలుబొమ్మ. షావుకారు వద్దంటున్నా వినకుండా గోవిందప్ప దాన్ని దించి, అద్దం, అట్ట ఊడదీసి, బొమ్మను కిటికీకి ఎదురుగా పట్టుకున్నాడు. వెనక నుంచి ఎండ తగిలేసరికి హనుమంతుడు భగ్గున ఎర్రబడ్డాడు. కుడి చెవికి నల్లదారం అతుకు.

"బొమ్మను గోడకు తగిలిస్తే ఏం కనపడతాదప్పా. నీ దగ్గరుంటే దండగ."

షావుకారు మంచివాడే. బెంగళూరు అంగట్లో కొన్నానని బిల్లు చూపించి, పోలీసుల చేతికి బొమ్మ అప్పగించాడు. అది చేతికొచ్చిన రోజు పుల్లన్న గోవిందప్ప ఇంటికి వచ్చాడు. హనుమంతమ్మ ముందే నేను ఉండబట్టలేక గోవిందప్పను అడిగాను.

"అది దొరికేవరకు ఆ క్లెయిము ఎందుకు తొక్కిపెట్టినావు?"

"దుడ్లు ఇచ్చినామంటే, దొరికిన బొమ్మ కంపెనీదైపోతాది సాబ్. తీస్కపోయి పెద్దాఫీసులో గోడకు కొడతారు. వాళ్లకు మాత్రం ఎందుకుండల్ల?"

పుల్లన్న నవ్వాడు.

"అన్న తొలినాడే చాటుగా అడిగినాడు సాబ్, దుడ్లు కావల్నా, హనుమంతుడు కావల్నా అని. హనుమంతుడే అన్నాను. ఆ పొద్దు నుంచి రాగులు పంపిస్తానే ఉండాడు, మా ఇంట్లో పురుగు పట్టినాయి, తిని సావు అని తిడతా."

హనుమంతమ్మ మొగుడి వైపు చూసింది. ఎలకల మీద అంత ప్రేమ ఎందుకో ఆమెకప్పుడు అర్థమైంది.

ఆ వారమే వాన కోసం పుల్లన్న ఆట. హనుమంతుడు తెర మీద వెలగగానే ఊరంతా ఈలలు. ముందు వరసలో నా పక్కనే కూర్చున్న గోవిందప్ప మొహం మాడ్చుకున్నాడు.

"మళ్లా దానికే."

ఇంతలో నవ్వించే బొమ్మ కేతిగాడు తెర మీదికి గెంతాడు. "మన స్వామిని వెతికి తెచ్చినోడు ఎవరప్పా?" అని అడిగి, తనే జవాబు చెప్పాడు, "ఓర్వలేని గోవిందప్ప!" హనుమంతుడికి పడినవాటికంటే గట్టిగా ఈలలు పడ్డాయి. గోవిందప్ప కండువాతో మొహం తుడుచుకుని, నా చెవి దగ్గరికి వంగాడు.

"చూసినావా సాబ్, ఒక బొమ్మ తెచ్చినందుకే వానికి అన్ని ఈలలు. మనకు ఎవరన్నా కొట్టినారా?"