కొలిచి పోసిన నీళ్లు

పెనుకొండ నుంచి ధర్మవరానికి కోడలిగా వచ్చిన కొత్తలోనే మా అత్త నాకొక నియమం పెట్టింది. మగ్గం మీద కూర్చున్నాక నీళ్లు తాగకూడదు. పక్క మగ్గం మీద మా ఆయన చెంబెత్తి గటగటా తాగేవాడు. నేను చెయ్యి చాపితే మాత్రం ఆమె వచ్చి చెంబు వంటింట్లోకి తీసుకుపోయేది.

"తాగితే లెయ్యాల, లేస్తే మగ్గం నిలిచిపోతాది. చీర నేసేకి వచ్చినావా, దొడ్లోకి తిరిగేకి వచ్చినావా?" అంది ఒకసారి, చీరలు చూడవచ్చిన వాళ్ల ముందే. వాళ్లు నవ్వారు. మా ఆయనా తల వంచుకుని నవ్వాడు.

ఎండాకాలం రేకుల కప్పు కింద, పొద్దున తాగిన కాసిని నీళ్లూ చెమటగానే పోయేవి. మూత్రం చిక్కగా, మంటగా వచ్చేది. ఒకరోజు నడుము పక్కన నొప్పి పుట్టి నేల మీద దొర్లాను. పని ఎగ్గొట్టడానికి నాటకమని మా అత్త వీధంతా చెప్పింది. చివరికి మా నాయన వచ్చి పెనుకొండకు తీసుకుపోయాడు. కిడ్నీలో రాళ్లున్నాయని డాక్టరమ్మ చెప్పింది. ఒంట్లోని చెత్తను కడిగి బయటికి పంపేది నీళ్లేనని, అవి చాలకపోతే ఆ చెత్త లోపలే గడ్డకడుతుందని చెప్పి, ఇంట్లో నీళ్లకు కరువా అని అడిగింది. మా అత్త మీద కసి అప్పుడే పుట్టింది.

తిరిగొచ్చాక చెంబు నా పక్కనే పెట్టుకున్నాను. ఈసారి దాన్ని తీసే ధైర్యం మా అత్త చెయ్యలేదు. తప్పయిందని కూడా అనలేదు.

ఏళ్ల తర్వాత షుగరు ముదిరి ఆమె కిడ్నీలు చెడిపోయాయి. హిందూపురంలో డయాలసిస్ మొదలైంది. తాగిన నీళ్లు ఇక బయటికి పోవని, ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో చేరి ప్రాణం తీస్తాయని అక్కడి డాక్టరు చెప్పాడు. రోజుకెంత తాగాలో చెప్పి, ఎవరు చూసుకుంటారని అడిగాడు. మా ఆయన నోరు తెరిచేలోపే నేను చూసుకుంటానన్నాను. అంత సంతోషం నా పెళ్లిలో కూడా కలగలేదు.

మజ్జిగ, కాఫీ, చారు, అన్నీ కొలిచి పోసేదాన్ని. హిందూపురం పోయేటప్పుడు పెనుకొండ స్టేషన్లో నీళ్ల సీసా కొని, ఆమె ఎదురుగా కూర్చుని మెల్లగా తాగేదాన్ని.

"ఒక గుక్క పొయ్యమ్మా. నాలుక పిడచకట్టుకపోతాండాది," అని అడిగేది.

"ఒళ్లు ఉబ్బుతాది అత్తా."

"నీకు దయ లేదా?"

"ఉండాది. డాక్టరు చెప్పినంత ఉండాది."

ఒకసారి జాలిపడి మా ఆయన నాకు తెలియకుండా చెంబు అందించాడు. తెల్లారేసరికి ఆమెకు ఊపిరాడలేదు. ఆసుపత్రికి పరిగెత్తి, ఆ నీళ్లన్నీ మిషనుతో లాగించాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆయన మా మధ్యకు రాలేదు.

ఆమెతో పాటు డయాలసిస్ మొదలుపెట్టిన వాళ్లలో కొందరు పోయారు. మొన్న డాక్టరు అందరి ముందూ నన్ను మెచ్చుకున్నాడు. ఇలాంటి కోడలుంటే చాలన్నాడు. తిరుగు రైల్లో మా అత్త నా ముఖంలోకి చూస్తూ, "నా మీద కసితోనే నన్ను బతికిస్తాండావు," అంది.

"అవునత్తా," అన్నాను.

రోజూ పొద్దున్నే ఆమె పాదం మీద వేలితో నొక్కి చూస్తాను. వాపు ఉంటే గుంట పడాలి. ఇంతవరకు పడలేదు.