వసారాలో కూడుకున్న సంఘం

మా అమ్మ గొంతు నాకు సగం నిద్రలోనే ఎక్కువ గుర్తు. ఆదివారం మధ్యాహ్నం సూర్యాపేటలో బస్సెక్కి మోతెలో దిగి, అక్కడి నుంచి ఆటోలో ఒక చిన్న ఊరికి పోయేవాళ్లం. ఆ ఊళ్లో ఒక ముసలామె ఇంటి వసారాలో మాకోసం చాపలు పరిచి ఉండేవి. నేను బుద్ధిగా అమ్మ పక్కన కూర్చునేదాన్ని. కాసేపటికి ఆమె ఒళ్లోకి ఒరిగేదాన్ని. ఒరిగాక ఆమె మాట నోట్లోంచి కాకుండా పొట్టలోంచి వస్తున్నట్టుండేది. అప్పుడు నాకు ఏడెనిమిదేళ్లుంటాయేమో. ఏ వారం ఏం చెప్పిందో ఒక్కటీ గుర్తులేదు. వరిగడ్డి వాసన, నాట్లు వేసి నేరుగా వచ్చిన ఆడవాళ్ల తడి కొంగులు, ఎవరో సన్నగా పాట అందుకోవడం మాత్రం గుర్తున్నాయి. కళ్లు తెరిస్తే వసారా చివర ఎండ, మూస్తే అమ్మ.

అమ్మ పాస్టర్ కాదు. ఊళ్లు తిరిగి ఆడవాళ్లకు వాక్యం చెప్పడం, రోగమొచ్చిన ఇంటికి పోయి ప్రార్థన చేయడం సంఘం ఆమెకు అప్పగించిన పని. ఊళ్లలో ఆమెను ప్రార్థనమ్మ అనేవారు. వసారా ఉన్న ఇంటి ముసలామెను అందరూ అవ్వ అని పిలిచేవారు. అవ్వకు చదువు రాదు, భయమూ లేదు. అమ్మ చెబుతుంటే మధ్యలో చెయ్యి ఎత్తి ఆపేసేది. ఆమెను చూసి మిగతావాళ్లూ అడిగేవాళ్లు. ఆ వసారాలో వాక్యం చెప్పడమంటే సగం పోట్లాట, సగం నవ్వులు.

కొంచెం పెద్దయ్యాక జరిగింది ఒకటి మాత్రం బాగా గుర్తుంది. తొలినాటి క్రైస్తవ సంఘాలకు అపొస్తలుడనే తొలి బోధకుడు రాసిన ఉత్తరాల్లో, సంఘంలో ఆడవాళ్లు మౌనంగా ఉండాలనే చోటు ఒకటుంది. అమ్మ దాన్ని దాచిపెట్టకుండా చదివింది. అవ్వ వెంటనే కొంగు దులుపుకుంది.

"అయితే ఇగ లేసి పోదమా?"

అందరూ ఘొల్లున నవ్వారు. నవ్వులు ఆగాక అమ్మ అవ్వ వైపు తిరిగింది.

"గది రాసినప్పుడు గుళ్లు ఏడున్నయి అవ్వా? అందరు ఇండ్లల్లనే కూడుకునేటోళ్లు. ఆ ఇల్లు ఎవలది? నీ అసొంటి ఒకామెది. నీ ఇంట్ల నిన్ను సప్పుడు జేయకు అనేటోడు ఎవడు?"

అవ్వ ఆ రోజంతా గెలిచినట్టు కూర్చుంది.

సూర్యాపేట పెద్ద చర్చిలో మాత్రం అమ్మ వేరే మనిషి. కొంగు తల మీదికి లాక్కుని, ఆడవాళ్ల వైపు వెనక వరసలో కూర్చుని, పాట తప్ప నోరు విప్పేది కాదు. నాకు చిన్నప్పటి నుంచీ నోరెక్కువ, కోపం ఇంకా ఎక్కువ. ఇంటికొచ్చాక విరుచుకుపడేదాన్ని. "ఆడ గంత మాట్లాడ్తవు, గీడ ఏమైతదే అమ్మా నీకు?" అంటే, "నాకు వసారా ఉన్నది గదనే" అని కూర తరుక్కునేది. అది పిరికితనమని నేను తీర్మానించుకున్నాను. ఆ వయసులో తీర్పులు తొందరగా వస్తాయి.

టీచర్ ఉద్యోగమొచ్చి మిర్యాలగూడలో స్థిరపడ్డాక ఆ ఉత్తరాలను నేనే కూర్చుని చదివాను, వాటి మీద ఇతరులు రాసినవీ చదివాను. ఉత్తరాల చివర వందనాలుంటాయి. చర్చిలో ఎవరూ వాటి మీద ప్రసంగించరు, ఉత్త పేర్లే కదా అని. ఆ పేర్లలో ఎంతమంది ఆడవాళ్లో! తమ ఇంట్లో సంఘాన్ని కూర్చోబెట్టుకున్నవాళ్లు, అపొస్తలుడితో సమానంగా పాటుపడ్డవాళ్లు. అన్నిటికన్నా పెద్ద ఉత్తరాల్లో ఒకదాన్ని సముద్రం దాటించి చేర్చింది కూడా ఆడమనిషేనంటారు. మౌనంగా ఉండమని రాసిందీ ఆ అపొస్తలుడి చెయ్యేనా, తర్వాత ఎవరో కలిపారా అని పండితులు ఇప్పటికీ తగువులాడుకుంటున్నారు. ఆ తర్వాతి కథలో మాత్రం తగువు లేదు. ఇళ్లలోని కూడికలు కట్టడాల్లోకి మారాయి, పదవులు వచ్చాయి, ఇల్లిచ్చిన ఆవిడ పక్కకు జరిగింది. చదువుతూ మండిపడ్డాను. స్టాఫ్ రూములో నా ఉపన్యాసం వినని టీచర్ లేదు.

ఆ రోజుల్లోనే అవ్వ ఇంటి పెంకులు పగిలి వసారా కురవడం మొదలైంది. చాపలు తడిసేవి. అమ్మకు ఒక మంచి చోటుండాలని నాకు పట్టుదల వచ్చింది. ఊళ్లో ఒకాయనను ఒప్పించి ప్రార్థన మందిరానికి జాగా ఇప్పించాను. మేళ్లచెరువులో లారీ నడిపే మా చిన్నాన్న కొడుకు సిమెంటు చేరవేశాడు. సెలవు దొరికిన ప్రతి రోజూ అక్కడే ఉండి గోడలకు నీళ్లు కొట్టించాను. అమ్మ ఒక్కసారే అంది, "వసారా మంచిగనే ఉన్నది గదనే, పెంకలు మార్పియ్యరాదు" అని. నేను వినలేదు. ఆమెకు అడగడం చేతకాదు కాబట్టి నేనే అడుగుతున్నాననుకున్నాను.

ప్రతిష్ఠ రోజు సున్నం వాసన ఇంకా పోలేదు. కిటికీల్లోంచి పడ్డ ఎండలో ధూళి మెల్లగా తేలుతోంది. అవ్వ కొత్త చీర కట్టుకుని ముందు చాప మీద కూర్చుంది. అమ్మ గ్రంథం పట్టుకుని, ఏ ఆలోచనా లేకుండా, ఎప్పటిలాగే ముందుకు నడిచింది. కోదాడ నుంచి కొత్తగా వేసిన పాస్టర్ గారు ఎదురొచ్చారు. మంచి మనిషి, మాటలో మర్యాద ఉంది.

"అమ్మగారూ, మీ పరిచర్య గురించి అందరూ చెప్పారండీ. కానీ ఇది ఇప్పుడు మందిరం కదా. వాక్యం నేను చెబుతాను. మీరు అక్కలతో కూర్చోండి, పాటలు మీరే అందుకుందురు గాని."

అమ్మ తలూపింది. వెనక్కి వచ్చి అవ్వ పక్కన కూర్చుని కొంగు సర్దుకుంది. ప్రసంగం చాలాసేపు సాగింది. ఒకచోట అవ్వ చెయ్యి ఎత్తబోయింది. పక్కనామె ఆ చేతిని పట్టుకుని మెల్లగా కిందికి దించింది. అంత నిశ్శబ్దంగా ఆ ఆడవాళ్లను నేనెప్పుడూ చూడలేదు.

ఇదంతా నేను చదివిందే, పదిమందికి చెప్పిందే. ఎప్పుడో ఎక్కడో ఎవరో చేసిన అన్యాయమని ఊగిపోయాను. మోతె పక్కన ఆ అన్యాయాన్నే నేను దగ్గరుండి కట్టించాను. లేచి నిలబడి అడగాలనిపించింది. ఊరందరికీ వినపడే నా నోరు ఆ రోజు పెగల్లేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఈ ఏడు అమ్మ మోకాళ్లు మొరాయించి మిర్యాలగూడలో మా దగ్గరికి వచ్చేసింది. వచ్చిన రోజు భోజనానికి కూర్చున్నాం, అమ్మ, నేను, మా ఆయన. మా ఇంట్లో అన్నం ముందు ప్రార్థన ఎప్పుడూ అమ్మదే. నాన్న బతికున్నప్పుడూ ఆమెదే. నేను కళ్లు మూసుకుని ఎదురుచూశాను. ఎంతకీ మాట రాకపోతే తెరిచాను. అమ్మ మా ఆయన వైపు చూస్తోంది.

"మీరు చెయ్యుండ్రి బాబు. మగమనిషి ఉండంగ నేను చేసుడు మంచిగుండదు."

మా ఆయన బిత్తరపోయాడు. ఆయన రైసుమిల్లు ఆఫీసులో లెక్కలు రాసే మనిషి, ప్రార్థన రెండు ముక్కలు దాటి రాదు.

"అమ్మా, ఇది ఇల్లు. నువ్వే చెయ్యి" అన్నాను.

అమ్మ నా చెయ్యి తట్టింది. ఆమె ముఖంలో కోపం కోసం వెతికాను, లేదు. ఉంటే బాగుండేది.

"మందిరమొచ్చినంక గిట్లనే ఉంటది బిడ్డా. నువ్వే గద కట్టిచ్చినవ్. మంచిగ కట్టిచ్చినవ్."

మా ఆయన తడబడుతూ మొదలుపెట్టాడు. అమ్మ కొంగు తల మీదికి లాక్కుని కళ్లు మూసుకుంది. నేను మూసుకోలేదు.