కల్లింగ్

మా ఇంట్లో ఎవరూ గుడ్డు ముట్టరు. కానీ చేవెళ్లలో మాది కోళ్ల దాణా దుకాణం. అందుకే బడికి పోకముందే నాకు వచ్చిన ఇంగ్లిష్ మాట "కల్లింగ్". ఆ మాటకు మంచివి ఏరుకోవడం అనే అర్థం కూడా ఉందనీ, పూలు కోయడానికి కూడా వాడతారనీ చాలా ఏళ్ల తర్వాత నిఘంటువులో చదివి నవ్వుకున్నాను. మా పక్క ఊరు చిన్న మంగళారం కోళ్ల షెడ్లలో పూల సంగతి ఎవరిక్కావాలి? అక్కడ ఒకటే అర్థం. గుడ్డు పెట్టని కోడిని ఏరి చికెన్ దుకాణానికి పంపెయ్యడం.

బాపు దాణా అమ్ముతూ సలహాలు ఊరికే ఇచ్చేవాడు. కొత్తగా షెడ్డు వేసినవాళ్లు కోడి మీద జాలిపడితే ఆయనకు చిరాకు.

"పాపం గీపం ఏందన్నా? నెత్తి మీది తురాయి ఎరుపు తగ్గిందా, గుడ్డు బందయినట్టే, తీసెయ్. ఉత్తగ దాణా తింటది."

ఆ మాట దుకాణంలోనే ఆగలేదు. ఫ్యాను తిరగకపోతే కల్లింగ్, చెప్పు తెగితే కల్లింగ్. వచ్చి వారాల తరబడి తిష్ఠ వేసే మా బాబాయిని కూడా వెనకాల అదే మాట అనేవాళ్లం. ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వేవాళ్లం.

అక్క ఇంటర్లో లెక్కలు తప్పింది. మళ్లీ రాస్తానని పుస్తకాలు ముందేసుకుని కూర్చుంది. దానికి చదువంటే ప్రాణం. ఒకరోజు గిరాకీల ముందే బాపు తేల్చేశాడు.

"ఇగ చాలు. పెద్దదాన్ని కల్లింగ్ చేసిన. చిన్నదాన్ని చదివిస్త."

గిరాకీలు నవ్వారు. అక్కను ఆ పూటే కాంటా దగ్గర కూర్చోబెట్టాడు. ఇప్పుడు తలుచుకున్నా బాపు మీద నాకు ఒళ్లు మండుతుంది.

నేను మొయినాబాద్‌లో ఇంజినీరింగ్ చదివి, నగరంలో ఉద్యోగం చేశాను. ఈ మధ్యే కంపెనీ నన్ను తీసేసింది. వాళ్లు దానికి మర్యాదగా ఇంకేదో పేరు పెట్టారు. కిరాయి కట్టలేక చేవెళ్లకు వచ్చేశాను. దుకాణం ఇప్పుడు పూర్తిగా అక్క చేతిలో ఉంది. మధ్యాహ్నం అన్నాల దగ్గర, బాపు ముందే అడిగాను.

"అక్కా, నేను గూడ దుకాణంల కూసుంట. వేరే దారి లేదు."

అక్క పప్పు వేసింది, నెయ్యి వేసింది, మారు వడ్డించింది. కాసేపు నేను తినడం చూసింది. తర్వాత నా గడ్డం పట్టుకుని, ముఖం కిటికీ వైపు తిప్పి, షెడ్డులో కోడిని చూసినట్టు నా నెత్తి చూసింది.

"దాణా మంచిగనే తింటున్నవ్. మరి గుడ్డేదే?"

బాపు పకపకా నవ్వాడు.