తెర వెనక నుంచి మా అవ్వ

ధనం పేరు తలుచుకుంటే నాకు ముందు ముక్కులోకి నీళ్ళు పోయిన సంగతే గుర్తొస్తుంది. ఎనభై నాలుగులో తమిళనాడు ధర్మపురిలో మేమిద్దరం ఏడో తరగతి. వాళ్ళమ్మ కుప్పాయి మా పెరట్లో గిన్నెలు తోమేది; ఆమె తోమినవాటిని మా అవ్వ మళ్ళీ కడిగి లోపలికి తీసుకునేది. వాళ్ళింట్లోనూ తెలుగే, మా ఇంట్లోనూ తెలుగే. బయటికొస్తే అందరిదీ తమిళమే. భాష ఒకటైనంత మాత్రాన గడప ఒకటవుతుందా? నేను రంగనాయకమ్మ గారి మనవరాలు అలమేలుమంగను, ఆమె కుప్పాయి కూతురు. ఒకే బెంచీ మీద కూర్చున్నా ఈ తేడా ఇద్దరికీ తెలుసు.

ధనం మాట్లాడేది తక్కువ, చూసేది ఎక్కువ. కండక్టరు టికెట్టు చించే తీరు, లెక్కల అయ్యవారు తుమ్మబోయే ముందు కళ్ళద్దాలు తీసి పట్టుకునే తీరు, అన్నీ ఆమె కంట్లో పడేవి. అయ్యవార్లు ఆమెను మొద్దు అనేవారు. మొద్దులెవరో తర్వాత తేలింది.

ఆ ఏడు వార్షికోత్సవానికి నాటకం నేర్పడానికి తిమ్మరాయన్ అనే ఆయన వచ్చాడు. తెరుక్కూత్తులో, అంటే మా వైపు వీధినాటకంలో, వేషం కట్టేవాడు. మిగతా రోజుల్లో కట్టడం పనికి పోయేవాడు. మొదటి శనివారం మేమంతా బల్లుల్లా గోడకు అతుక్కుని నిలబడితే, బెరుకు వదలగొట్టడానికి ఒక ఆట పెట్టాడు. ఇద్దరు పంచెను తెరలా పట్టుకోవాలి. కూత్తులో రాజు అలాగే తెర వెనక నుంచి వస్తాడు, కోమాళి, అంటే విదూషకుడు, ఎదురెళ్ళి నువ్వెవరని అడుగుతాడు. మేము రోజూ చూసే మనిషి ఎవరో ఒకరై రావాలి. నియమం ఒక్కటే: తెర దాటి వచ్చినవాళ్ళు మళ్ళీ లోపలికి పోయేదాకా ఆ మనుషులే. వాళ్ళు చెప్పినట్టు కోమాళి వినాలి.

కేశవన్ వాళ్ళ తాతలా దగ్గుతూ వచ్చి అందరినీ నవ్వించాడు. తర్వాత ధనం వచ్చింది. ఎడమచేత్తో లేని కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, కుడిచేత్తో బడి నీళ్ళచెంబు పట్టుకుని, నేల మైలపడిందేమో అన్నట్టు చూసుకుంటూ నడిచింది. పిల్లలు పగలబడి నవ్వారు. నేను అందరికన్నా గట్టిగా నవ్వాను. ఎవరో తెలియక నవ్వాను, ఆ మాట ఒప్పుకోవాలి.

తిమ్మరాయన్ నన్ను కోమాళిని చేసి ముందుకు తోశాడు. "ఎవరవ్వా నువ్వు?" అన్నాను.

ధనం తెలుగులో అందుకుంది. "నేనెవురో తెలియదా మే? దాహమని వచ్చినావు గదా. దూరంగా నిలబడు. వంగు. చేతులు పట్టు."

అచ్చం మా అవ్వ గొంతు! నా నడుము దానంతట అదే వంగింది, చేతులు దోసిలయ్యాయి. ఎత్తు నుంచి నీళ్ళు పడ్డాయి. సగం ముక్కులోకి, సగం జాకెట్టు మీద.

"కింద పోయొద్దు. ఇప్పుడే అలికినాను."

ఉక్కిరిబిక్కిరయ్యాను. పుట్టినప్పటినుంచి మా పెరట్లో రోజూ చూసిందే ఇది. చూశానని కూడా నాకు అప్పటిదాకా తెలియదు. నవ్వులు ఆగిపోయాయి. తిమ్మరాయన్ "చాలు, లోపలికి పో అవ్వా" అన్నాడు మెల్లగా.

సిగ్గుతో నా ఒళ్ళు మండింది. సిగ్గును కోపం చేసుకోవడం మా వంశంలో ఎవరికీ నేర్పనక్కరలేదు. ఇంటికి పోయి అవ్వకు పూసగుచ్చినట్టు చెప్పేశాను. చెప్పాక గాని నాకు తట్టలేదు. కుప్పాయికి ఈ పని పోతే వాళ్ళ పొయ్యిలో పిల్లి లేవదు, ధనం చదువు అంతటితో సరి. అవ్వ పొద్దున కూతుర్ని పిలుచుకుని రమ్మని కుప్పాయికి కబురు పెట్టింది.

కుప్పాయి వస్తూనే నేల మీద పడింది. "తప్పయిపోయిందమ్మా. పిల్లకు బుద్ధి లేదు. మా కూడు తీయొద్దు."

"ఏడుపు తర్వాత. ఏమాడిందో నా ముందర ఆడమను."

ధనం కదల్లేదు. "ఆడు మే, నీకు మొక్కుతాను" అని కుప్పాయి తానే లేచి, కూతురి ముందు వంగి దోసిలి పట్టింది. మా చెంబు ధనం ముట్టుకోకూడదు గనక ఉత్తచేయి ఎత్తింది. రాని నీళ్ళను వాళ్ళమ్మ గుటకలు వేసి తాగింది.

అవ్వ మండిపడుతుందో, తల దించుకుంటుందో, రెండింట్లో ఒకటి జరుగుతుందనుకున్నాను. రెండూ జరగలేదు. అవ్వ తల పక్కకు వంచి శ్రద్ధగా చూసింది.

"అంతా సరిగానే ఉండాది. చెయ్యి ఇంకొంచెం ఎత్తాల. నీళ్ళు ఎగిరి చొంబుకు తగిలితే మళ్ళా కడగాల గదా" అంది. తర్వాత కుప్పాయి వైపు తిరిగి, "గిన్నెలు అట్లే పడుండాయి, పో" అంది.

పని నిలబడిందని కుప్పాయి సంతోషంతో ఏడ్చింది. మా అవ్వ చెడ్డమనిషని ఎవరూ అనరు. నాకు జ్వరమొస్తే రాత్రంతా మేలుకునే మనిషి ఆమె.

ధనం మళ్ళీ నాటకం వైపు రాలేదు. తొమ్మిది దాకా చదివి బెంగుళూరులో కట్టడం పనికి పోయిందని విన్నాను. ఆ పొద్దున పెరటి తలుపు దాకా ఆమె వెనకే పోయాను. నేనే చెప్పానని ఒప్పుకుందామనుకున్నాను, ఒప్పుకోలేదు. ఆమే ఆగి వెనక్కి తిరిగింది.

"మీ అవ్వ నన్ను కొట్టింటే బాగుండు మంగా," అంది. "ఆయమ్మకు నొచ్చిందని తెలిసుండును."