ఎడంపక్కకి తిరిగి పడుకోండి

మేస్త్రి చేతిలో ఏ నట్టూ నిలవదు. ఈ మాట ఆయన శత్రువులు పుట్టించింది కాదు. శత్రువులను సంపాదించుకునే తీరిక ఆయనకు ఎన్నడూ దొరకలేదు. ముప్ఫై ఏళ్లుగా కార్లు బాగుచేస్తున్న మనిషి. ఇంజను దగ్గితే చాలు, దాని కష్టసుఖాలన్నీ ఏకరువు పెట్టగలడు. బోల్టు విప్పేదాకా వేళ్లు కూడా ఆయన మాట వింటాయి. విప్పిన బోల్టును పళ్లెంలో పెట్టే ఆ జానెడు దూరంలోనే ఏదో జరుగుతుంది. టింగుమని ఒక చప్పుడు. ఇంకాస్త లోతునుంచి ఇంకో చిన్న చప్పుడు. ఆ తరవాత నిశ్శబ్దం. అప్పుడు మేస్త్రి తలెత్తి, ఆపరేషన్ గదిలోంచి బయటికొచ్చిన డాక్టరులా కళ్లజోడు తీసి, "పడింది" అంటాడు.

పడితే పడింది పోనీలే అనుకునే రకమైతే ఆయన గురించి చెప్పుకోవలసిన అవసరమే లేదు. పడిన ముక్క దొరికేదాకా ఆ కారు షెడ్డు గడప దాటకూడదు. గోడ మీద డబ్బాల నిండా కొత్త నట్లున్నాయి కదా అని ఎవరైనా గుర్తుచేస్తే, వాళ్లవైపు జాలిగా చూస్తాడు.

"ఉన్నాయండీ. కానీ పోయింది అవి కాదు కదా."

వెతుకులాటకు ఒక క్రమం ఉంది. ముందు టార్చిలైటు. తరవాత పళ్ల డాక్టరును బతిమాలి తెచ్చుకున్న చిన్న గుండ్రటి అద్దం. తరవాత సైకిలు బ్రేకు తీగకు కట్టిన అయస్కాంతం. దాన్ని ఇంజను సందుల్లోకి దించి, చేప కోసం గాలం వేసినవాడిలా ఊపిరి బిగబట్టి నిలబడతాడు. ఇవేవీ పారకపోతే చివరి అస్త్రం బరువు శాస్త్రం. చక్రాల కింద చెక్కలు పెట్టి, కారు తాలూకు మనిషిని వెనక సీటు ఎక్కించి, "ఎడంపక్కకి తిరిగి పడుకోండి. కదలకండి. మీ బరువు అటు పడితే నట్టు ఇటు జారుతుంది" అంటాడు. భౌతికశాస్త్రంలో ఇలాంటి సూత్రం ఏదీ లేదని ఒక లెక్చరర్ గారు అరగంట వాదించారు. చివరికి ఎడంపక్కకి తిరిగే పడుకున్నారు.

ఈ శాస్త్రాన్ని బొత్తిగా నమ్మనివాడు మేస్త్రి బావమరిది. సొంతంగా పెట్టుకున్న టైర్ల దుకాణం మూతపడ్డాక, ఆర్నెల్ల క్రితం బావ షెడ్డులో భాగస్వామిగా చేరాడు. చేరిన మొదటి వారంలోనే గోడలకు సున్నం వేయించి, ప్రతి కారుకూ ఒక కాగితం ఏర్పాటు చేశాడు. ఇంజనులో బోల్టు ఎక్కడుందో కాగితం మీద అక్కడ సున్నా చుట్టి, విప్పిన బోల్టును ఆ సున్నాలో పెట్టాలి. మేస్త్రి ఆ కాగితాన్ని ఎంతో మెచ్చుకుని, దానితో చేతులు తుడుచుకున్నాడు. బావమరిది వెళ్లి అక్కతో మొరపెట్టుకుంటే ఆవిడ కూర తరుగుతూ, ఇంట్లో చెంచా జారితే ఫ్రిజ్జు జరిపించే మొగుడితో తను ఇరవయ్యేళ్లు కాపురం చేసిందని చెప్పి, తమ్ముడికి వచ్చిన కష్టం ఏపాటిదని అడిగింది.

కష్టం నిజంగానే వచ్చింది. వీధి చివర అద్దాల తలుపులతో కొత్త వర్క్‌షాపు తెరిచారు. అక్కడ పని జరుగుతుంటే సోఫాలో కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు. ఇక్కడ పడుకోబెడతారు. జనం సోఫాకే మొగ్గారు. షెడ్డు ముందు కార్లు పలచబడ్డాయి. ఇక మిగిలిన ఆశల్లా ఎనిమిది కార్లున్న ఒక ట్రావెల్స్ ఓనరు. బావమరిది నెల రోజులు ఆయన ఆఫీసు చుట్టూ తిరిగి, ముందు ఒక్క కారు పంపి చూడమని ఒప్పించాడు. పని నచ్చితే ఎనిమిదీ వస్తాయి. నచ్చకపోతే షెడ్డుకు తాళం వేసి, ఆ అద్దాల తలుపుల దగ్గరే బావా బావమరుదులిద్దరూ ఉద్యోగం అడుక్కోవాలి.

ఓనరు గారు పదకొండు గంటలకు స్వయంగా కారు నడుపుకుంటూ వచ్చాడు. ఇంజను వణుకుతోందట. అరగంటలో తేల్చాలట. సాయంత్రం ఐదింటికి మూడు గంటల ప్రయాణం దూరంలో ఒక ఫ్యాక్టరీ మేనేజరును కలవాలట. ఈ నాలుగు ముక్కలూ చెప్పడానికి ఆయన ఆరుసార్లు ఆవులించాడు. బావమరిది బావను పక్కకు లాక్కెళ్లాడు.

"బావా, ఇవాళ ఒక్కరోజు ఏదీ పడెయ్యకు. నీకు దణ్ణం పెడతాను."

"నేనెందుకు పడేస్తానురా. అవే పడతాయి."

బానెట్ లేచింది. ఎయిర్ ఫిల్టరు పెట్టె బోల్టులు ఒక్కొక్కటిగా విప్పుతూ మేస్త్రి ఓనరుతో కబుర్లు మొదలుపెట్టాడు. ఎక్కణ్ణుంచి వస్తున్నారు, ఎప్పుడు బయలుదేరారు అని ఆరా తీశాడు. నిన్న మధ్యాహ్నం బయలుదేరాననీ, డ్రైవరు సెలవు పెట్టాడనీ, దారిలో ఎక్కడా ఆగలేదనీ ఓనరు గర్వంగా చెప్పాడు. ఆ మాట పూర్తయిందో లేదో, టింగుమంది.

మేస్త్రి కళ్లజోడు తీశాడు. "పడింది" అన్నాడు.

బావమరిదికి ఆ క్షణంలో ఎనిమిది కార్లూ వరసగా అద్దాల తలుపుల్లోకి వెళ్లిపోతున్న దృశ్యం కనిపించింది. మేస్త్రి ఆవేళ టార్చీ తియ్యలేదు, అద్దమూ తియ్యలేదు. నేరుగా బరువు శాస్త్రానికే వెళ్లాడు. ఓనరు మొదట కోప్పడ్డాడు, తరవాత గడియారం చూపించాడు, ఆ తరవాత బూట్లతోనే వెనక సీట్లోకి ఎక్కి ఎడంపక్కకి తిరిగాడు. మూడో నిమిషంలో గురక వినిపించింది.

బావమరిది చొక్కా చేతులు మడిచి రంగంలోకి దిగాడు. కారు కింద దూరాడు. బ్యాటరీ పక్కన తడిమాడు. అయస్కాంతాన్ని దింపని సందంటూ లేదు. దానికి ఒక గుండుసూదీ, ఎవరిదో పాత తాళంచెవీ దొరికాయి. గంటన్నర గడిచాక, ఒళ్లంతా గ్రీజుతో, తన కాగితం తెచ్చి లెక్క చూశాడు. సున్నాలు ఆరు. పళ్లెంలో బోల్టులు ఆరు. మళ్లీ చూశాడు. ఆరే. మేస్త్రి స్టూలు మీద కూర్చుని తాపీగా టీ తాగుతున్నాడు.

"బావా, ఇందులో ఏదీ పడలేదు."

"మెల్లగా మాట్లాడు."

"మరి ఆ చప్పుడు?"

"స్పానరుతో నేనే కొట్టాను."

మేస్త్రి టీగ్లాసు కింద పెట్టి కారువైపు చూపించాడు. ఓనరు లోపలికి వస్తున్నప్పుడు చూశావా, కారు ఆగిపోయాక కూడా స్టీరింగు తిప్పుతూనే ఉన్నాడు అన్నాడు.

"అలాంటివాణ్ణి కాసేపు పడుకోమంటే పౌరుషం వస్తుందిరా. నాకేం నిద్ర రావట్లేదంటాడు, ఇంకా గట్టిగా తొక్కుతాడు. నట్టు పడిందంటే మాత్రం, నన్ను తిట్టుకుంటూనైనా పడుకుంటాడు."

"అంటే ఇన్నాళ్లూ పడ్డవన్నీ..."

"అన్నీ కాదు. నా చేతులు మంచివి కావు, చాలా మటుకు నిజంగానే పడతాయి. ఆ పేరు ఎలాగూ వచ్చింది కదా అని అప్పుడప్పుడూ వాడుకుంటున్నాను."

బావమరిది ఆ ఆరు బోల్టులనూ ఒక్కొక్కటిగా తన కాగితం మీది సున్నాల్లో సర్దాడు. షెడ్డు పోతుందేమోనన్న భయం ఎక్కడికీ పోలేదు. అయితే వెనక సీట్లోంచి వస్తున్న ఆ గురక మాత్రం ఇప్పుడు వేరేగా వినిపించింది.

ఒంటిగంటన్నరకు మేస్త్రి బోల్టులన్నీ బిగించి, ఇంజను వణుకు కుదిర్చి, ఓనరును లేపి నట్టు దొరికిందని ప్రకటించాడు. ఓనరు దిగి, మొహం మీద నీళ్లు చల్లుకుని, అరగంట పనికి రెండున్నర గంటలు చేశారని ఇద్దరినీ చెడామడా తిట్టి, కారెక్కి తలుపు వేసుకున్నాడు. అద్దం సరిచేసుకున్నాడు. సీటు ముందుకు జరుపుకున్నాడు. తాళంచెవి పెట్టడానికి అటూ ఇటూ తడిమి, "స్టార్టవడం లేదేంటి?" అన్నాడు.

ఆయన ఎక్కింది పక్కనున్న తెల్ల కారు. దానికి ఇంజను లేదు. విప్పి మూలన పెట్టి పది రోజులైంది.

నట్టు దొరికిందని మేస్త్రే చెప్పేశాడు, మళ్లీ పడిందనడానికి వీల్లేదు. అప్పుడు బావమరిది ముందుకొచ్చాడు. నెల రోజులు తిరిగి సంపాదించిన ఎనిమిది కార్లనూ మనసులోనే సాగనంపి, గ్రీజు చేతులు కట్టుకుని తెల్ల కారు కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"సార్, నట్టు దొరికింది. దాని వాషరు ఇంకా దొరకలేదు."

ఓనరు అతన్ని చూశాడు. ఎత్తి ఉన్న బానెట్ చూశాడు. దిగి వెళ్లి, దాని కింద ఇంజను ఉండాల్సిన చోట కనిపిస్తున్న నేలను కొంతసేపు చూశాడు. తరవాత ఫోను తీసి, ఫ్యాక్టరీ మేనేజరుకు రేపు పొద్దున వస్తానని చెప్పాడు. తన కారు వెనక తలుపు తీసి, సీటు అంచున కూర్చుని ఈసారి బూట్లు విప్పుకున్నాడు.

"మా డ్రైవర్లు కూడా ఇలాగే నడుపుతుంటారు మేస్త్రీ. వాళ్ల బండ్లలో కూడా ఏవైనా పడతాయంటారా?"

"పంపండి, చూద్దాం" అన్నాడు మేస్త్రి.

ఓనరు తలుపు వేసుకున్నాడు. గురక మొదలయ్యేదాకా బావా బావమరుదులు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. మొదలయ్యాక బావమరిది టీ పోసుకోవడానికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి మేస్త్రి టార్చిలైటు నోట కరుచుకుని, నడుం దాకా ఓనరు కారు బానెట్ కిందకి వంగి ఉన్నాడు.

"ఏం చేస్తున్నావు బావా?"

మేస్త్రి టార్చి చేతిలోకి తీసుకున్నాడు. మొహంలో నిజమైన కలవరం.

"నువ్వు చెప్పిన ఆ వాషరు ఎంత సైజుదిరా?"