ఇప్పనూనె మీద పడ్డ నింద

రాయడం నాకు కొత్త. నాలుగో తరగతిలోనే బడి మాన్పించారు. తప్పులుంటే సర్దుకుని చదవండి. కానీ ఈ సంగతి చెప్పకపోతే నా కడుపుమంట చల్లారేలా లేదు.

ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తలో నన్ను సుల్తానాబాద్‌లో మగ్గం నేసేవాళ్ల ఇంటికి ఇచ్చారు. నూలుకు గంజి పెట్టడం, ఆరేయడం, కండెలు చుట్టడం నా పని. చలికాలం గంజిలో నానిన వేళ్లు పగిలేవి. ఆ పగుళ్లకు తగులుకుని నూలు తెగేది. ఆసిఫాబాద్ దగ్గరి మా తల్లిగారింటి నుంచి మా అవ్వ ఇప్పగింజల నూనె ఒక డబ్బా పంపింది. చలికి అది వెన్నలా గడ్డకడుతుంది. పని అయిపోయాక కాస్త తీసి, అరచేతుల్లో రుద్ది కరిగించి పూసుకునేదాన్ని. పొద్దున పెసరపిండితో కడిగేదాన్ని. పగుళ్లు పూడాయి. చర్మం మెత్తబడింది. నూలు తెగడం ఆగింది.

మా అత్తమ్మకు ఆ వాసన పడదు.

“ఏందే గీ అడివి కంపు? గీ ఇంట్ల మనుషులుంటున్నరా, ఎలుగ్గొడ్లుంటున్నయా?” అనేది.

ఒకరోజు మగ్గం మీది తెల్ల పంచెకు నూనె మరక కనబడింది. అత్తమ్మ చూపు వెంటనే నా చేతుల మీద పడింది.

“బట్ట ఖరాబ్ చేసినవ్ గదనే! ఇంకోపారి గా నూనె పూస్తే కండెలు ముట్టనియ్య.”

“పొద్దుగాల్నే కడుక్కున్న అత్తమ్మా. నేను కాదు.”

“నువ్వు కాకపోతే మగ్గం పూసుకున్నదా నూనె?”

మా ఆయన పక్కనే ఉన్నాడు. తన నేత తాను నేసుకున్నాడు. అత్తమ్మ డబ్బా తీసుకుపోయి సందుగలో పెట్టి తాళం వేసింది.

నా వేళ్లు మళ్లీ పగిలాయి. ఈసారి నూలుకు నెత్తురు అంటింది. దానికీ నన్నే తిట్టింది. ఏం మనుషులండీ వీళ్లు!

తర్వాత నేసిన పంచెకూ అంచు పక్కన అదే మరక. నా డబ్బా తాళంలోనే ఉంది కదా! మా ఆయనను మగ్గం దగ్గరికి పిలిచాను. పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె సులువుగా ఆడాలని ఆయన మగ్గం కడ్డీకి రోజూ ఆముదం పూస్తాడు. కడ్డీ కింద వేలు పెట్టి చూపించాను. వేలు నిండా ఆముదం.

“జర ఎక్కువైనట్టున్నది” అన్నాడు.

అంతే. నా చేతులు పుండ్లయితే ఆయనకు జర ఎక్కువైందట!

అదంతా చూసిన అత్తమ్మ సందుగ తాళంచెవి నా ముందు పడేసి వెళ్లిపోయింది.

ఆ చలికే ఆమె మడమలు చీలాయి. కుంటుకుంటూ వచ్చింది.

“జర గా నూనె ఉన్నదానే?”

“అడివి కంపు కొడుతది అత్తమ్మా.”

“కొట్టనియ్యి తియ్. నడవొస్తలేదు.”

డబ్బా తెచ్చాను గానీ మూత మీంచి చెయ్యి తియ్యలేదు. “పంచె మీది మరక ఎవలదత్తమ్మా?”

ఆమె మగ్గం వైపు చూసింది. “మగ్గానిది” అంది.

కొడుకుది అనడానికి మాత్రం నోరు రాలేదు. మూత తీసి ముందు పెట్టాను. ఆమె మడమలకు నేను పూయలేదు. తనే పూసుకుంది.