తాళాల బాబాయికి ఫోన్ చేయాలి

మా వదినను ఆఫీసులో చాదస్తం మేడం అంటారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. తెలిసినా లెక్కచేయదు, ఆమెలో నాకు నచ్చేదే అది. ఇంటికి కొత్త మిక్సీ వస్తే, దాన్ని వాడేలోపే దాంతో వచ్చిన పుస్తకాన్ని ఎర్ర పెన్నుతో దిద్దిన మనిషి.

మా ఇద్దరికీ మందులు నిల్వచేసే గిడ్డంగిలో ఉద్యోగం. నేను ఫోన్ల దగ్గర, వదిన కంప్యూటర్ విభాగంలో. ఆ మధ్య గిడ్డంగి పనులు కొన్ని ఏఐ ఏజెంటుకు, అంటే తనంతట తానే పనులు చక్కబెట్టే కంప్యూటర్ ప్రోగ్రాముకు, అప్పజెప్పారు. దానికి కాళ్లూ చేతులూ లేవు, టూల్స్ ఉన్నాయి. సరుకు మార్చేదొకటి, గదిలో చల్లదనం ఆపేదొకటి, ఇలా ఓ ముప్పై దాకా. ఏది ఎప్పుడు వాడాలో పక్కన రాసిన వివరణ చదివే అది తేల్చుకుంటుంది. ఆ వివరణలు రాయడం వదిన పని.

ఆమెకో పద్ధతి ఉంది. రాసిన కాగితాన్ని ఏమీ తెలియని మనిషి చేతికిచ్చి, అందులో ఉన్నట్టు చేయమంటుంది. ప్రశ్నలు అడగకూడదు. ఇంట్లో ఆ ఏమీ తెలియని మనిషిని నేనే. భోజనానికి కూర్చున్నా వదలదు. నేను తప్పు చేస్తే నన్ను తిట్టదు, కాగితాన్ని తిడుతుంది.

సరుకు మార్చే టూలుకు ఆమె పదకొండు వాక్యాలు రాసింది. మూడోది అసలైనది: ఇది రికార్డులో గది నంబరు మాత్రమే మారుస్తుంది, పెట్టెలు కదలాలంటే తాళాల బాబాయికి ఫోన్ చేయాలి. తాళాల బాబాయి మా స్టోర్ కీపర్. శీతల గదుల తాళాలు ఇరవై ఆరేళ్లుగా ఆయన నడుముకే వేలాడుతున్నాయి. రికార్డు మార్చిన వాళ్లు వెంటనే నాకు ఫోన్ చేసి "బాబాయికి కలపమ్మా" అంటారు. అది అందరికీ అలవాటే, ఎక్కడా రాసి లేదు. రాయాలని వదినకు తప్ప ఎవరికీ తోచలేదు.

మేనేజరు అది చూసి నవ్వాడు. అంత తెలివైన ఏజెంటుకు అరటిపండు ఒలిచి చేతిలో పెట్టాలా అన్నాడు. పది వాక్యాలు కొట్టేసి ఒక్కటి ఉంచాడు: సరుకును ఒక గది నుంచి మరో గదికి మారుస్తుంది. వదిన రెండు రోజులు వాదించింది. ఆ వారం మా అన్నయ్యకు జ్వరం, ఆమెకు ఓపిక లేదు. మూడో రోజు కాగితం కింద సంతకం పెట్టేసింది.

నెల తిరక్కుండానే, ఒక మంగళవారం, ఏజెంటు నాలుగో గదిలోని మూడు వందల నలభై పెట్టెలను రెండో గదికి మార్చింది. రికార్డులో. ఇక నాలుగో గది ఖాళీయే కదా. చల్లదనం ఆపే టూలు పక్కన "ఖాళీ గదులకు వాడాలి" అని ఉంది, వాడింది. పెట్టెలు ఉన్నచోటే ఉన్నాయి. ఆ రోజు బాబాయికి కలపమని నాకు ఒక్క ఫోనూ రాలేదు. మర్నాడు పొద్దున ఆయన తలుపు తీస్తే వెచ్చటి గాలి ముఖానికి కొట్టింది. మందులన్నీ పనికిరాకుండా పోయాయి.

స్టోర్ కీపర్ నిర్లక్ష్యమని మేనేజరు గంటలో తేల్చేశాడు. రికార్డులో ఖాళీ కాబట్టి, సాయంత్రం చూసి వెళ్లాల్సిన గదుల జాబితాలోనే నాలుగో గది లేదు, బాబాయి ఎందుకు తెరుస్తాడు? అయినా అత్త మీద కోపం దుత్త మీద చూపించాలి కదా. రిటైర్ కావడానికి ఎనిమిది నెలలున్న మనిషిని ముందే ఇంటికి పంపేలా నివేదిక రాయమని వదినకే పురమాయించాడు. నాకు ఒళ్లు మండిపోయింది. బాబాయి మాత్రం తాళాల గుత్తి తీసి నా బల్ల మీద పెట్టి, తానే ఒకసారి చూసి ఉండాల్సిందేమోనన్నాడు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది.

మీటింగుకు డైరెక్టరు మేడం వచ్చారు. ఫోన్ల సంగతి చెప్పడానికి నన్నూ పిలిచారు. వదిన నివేదిక తేలేదు. మేనేజరు ముందు ఒక ల్యాప్‌టాపూ, రెండు టూల్స్ వివరణల కాగితాలూ పెట్టింది.

"ఇది ఉత్తుత్తి రికార్డు సార్. నాలుగో గది ఖాళీ చేయాలి, కరెంటు వృథా కాకూడదు. కాగితంలో ఉన్నదే చేయండి. ప్రశ్నలు అడక్కండి" అంది.

పిల్లాటలా ఉందని గొణిగాడు గానీ, డైరెక్టరు మేడం చూస్తుంటే కాదనలేకపోయాడు. సరుకు మార్చే టూలు నొక్కాడు. నొక్కి, చెయ్యి అలవాటుగా బల్ల మీది ఫోను మీదికి పోనిచ్చాడు.

"ఎవరికి సార్ ఫోను?"

"బాబాయికి."

"కాగితంలో ఎక్కడుందో చూపించండి."

అతను నిజంగానే కాగితం వెతికాడు. తిప్పి వెనక వైపు కూడా చూశాడు. చెయ్యి ఇంకా ఫోను మీదే ఉంది.

అప్పుడు వదిన పదకొండు వాక్యాల కాగితం తీసి మేడం ముందు పెట్టింది, అతని కొట్టివేతలతో సహా. "మూడో వాక్యం కొట్టేసింది ఈయన. కొట్టేశాక సంతకం పెట్టింది నేను. నివేదికలో రాస్తే మా ఇద్దరి పేర్లే రాస్తాను. బాబాయి పేరు రాయాలంటే వేరే మనిషిని చూసుకోండి, నా ఉద్యోగం కూడా ఆ మనిషికే ఇచ్చుకోండి."

మేడం ఆ కొట్టివేతలన్నీ చదివారు. తర్వాత నన్ను పిలిచి, బాబాయి తాళాలు బాబాయికి ఇచ్చేయమన్నారు.

మేనేజరుకూ వదినకూ చెరో హెచ్చరిక మెమో వచ్చింది. తనకు వచ్చింది న్యాయమేనంది వదిన. అయితే ఏ తప్పుకు ఇచ్చారో అందులో స్పష్టంగా లేదని ఎర్ర పెన్నుతో దిద్ది వెనక్కి పంపింది. పదకొండు వాక్యాలను పద్నాలుగు చేసింది. ఫోన్ చేయడానికీ ఒక టూలు పెట్టించి, దానికి ఇంకో తొమ్మిది రాసింది. ఈసారి ఒక్కటీ కొట్టేయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

నిన్న నా ఫోను మోగింది. ఏజెంటు. నాలుగో గది సరుకు రికార్డులో మారిందని, పెట్టెలు ఇంకా కదల్లేదని చెప్పి, తాళాల బాబాయికి కలపమంది.

కలిపాను.